హన్మకొండకు రండి, కానీ ఇల్లు చూడ్డానికి జులైలో రండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో హైదరాబాద్ వదిలేసి చిన్న నగరాలకు వచ్చి స్థిరపడుతున్న కుటుంబాల గురించి రెండు పేజీలు వేశారు. అద్దెలు తక్కువ, గాలి బాగుంటుంది, పది నిమిషాల్లో ఆఫీసు, పిల్లలు ఆడుకోవడానికి జాగా ఉంటుంది అని రాశారు. అన్నీ నిజాలే. నేనూ అలా వచ్చినదాన్నే, మూడేళ్ళు దాటింది, వెనక్కి పోవాలన్న ఆలోచన కూడా లేదు. కానీ ఆ రెండు పేజీల్లో వరంగల్ అన్న మాట ఏడెనిమిది సార్లు కనిపించింది గానీ, వరంగల్‌లో ఎక్కడ అన్నది ఒక్కసారి కూడా కనిపించలేదు. పైగా ఆ వ్యాసం కిందే అరపేజీ ప్లాట్ల ప్రకటన, అందులో పెద్దక్షరాల్లో 'లేక్ వ్యూ' అని. 2023 జులైలో మా వంటింటి కిటికీలోంచి నాకూ లేక్ వ్యూ వచ్చింది, దానికి గజం ఇంత అని ఎవరూ రేటు కట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, వేసుకుంటే మొత్తం వేసుకోండి, కత్తిరిస్తే మాత్రం కాలనీల సంగతి కత్తిరించకండి.

మా కథ ముందు చెప్తాను. మా ఆయనకు ఇక్కడికి బదిలీ అయింది. నాది ఇంట్లోంచి చేసుకునే సాఫ్ట్‌వేర్ పని. అబ్బాయి అప్పుడు నాలుగో తరగతి, ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న మా అత్తమ్మ. నిజాంపేటలో పద్నాలుగేళ్ళు ఉన్నాం, ట్యాంకర్ల కోసం ఎదురుచూసీ చూసీ విసిగిపోయి ఉన్నాం, కాబట్టి బదిలీ అనగానే ఏడవలేదు, సంతోషపడ్డాం. 2023 సంక్రాంతి సెలవుల్లో ఇళ్ళు చూడ్డానికి వచ్చాం. ఉప్పల్‌లో బస్సెక్కితే భువనగిరి, ఆలేరు, జనగామ దాటుకుంటూ మూడు గంటల్లో హన్మకొండ బస్టాండ్. రెండు రోజుల్లో పదకొండు ఇళ్ళు చూశాం. అప్పటికి ఈ ఊళ్ళో నాకు తెలిసినవి వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, ఎన్ఐటీ, అంతే. హన్మకొండ, వరంగల్, కాజీపేట అని మూడు ఊళ్ళు పక్కపక్కనే పెరిగి ఒకే కార్పొరేషన్ అయ్యాయని, ఇక్కడివాళ్ళు ట్రైసిటీ అంటారని, ఒకదాని మనుషులు ఇంకోదాన్ని ఇప్పటికీ వేరే ఊరిలాగే చూస్తారని తర్వాత తెలిసింది.

పదకొండో ఇల్లు మాకు నచ్చేసింది. హంటర్ రోడ్డు వైపు ఒక కాలనీలో. గ్రౌండ్ ఫ్లోర్, అత్తమ్మకు మెట్లెక్కే పని లేదు. కొత్తగా రంగులేసి మెరుస్తోంది. ముందు ముప్పై ఫీట్ల రోడ్డు, గేటు పక్కన పారిజాతం చెట్టు, దాని కింద తెల్లగా రాలిన పూలు. అద్దె పదకొండు వేలు. అంతే ఇల్లు సుబేదారిలో పద్నాలుగు చెప్పారు. మూడు వేలు ఎందుకు తక్కువని అడగాలని ఎవరికీ తోచలేదు, తక్కువకు దొరికితే అది మన తెలివే అనుకుంటాం కదా.

మేం ఏమీ అడగలేదని కాదు, చాలా అడిగాం. వైఫై ఏ కంపెనీది వస్తుంది, కరెంటు పోతే ఇన్వర్టర్‌కు వైరింగ్ ఉందా, కారు పడుతుందా, స్కూలు వ్యాను ఇంటిదాకా వస్తుందా, నల్లా నీళ్ళు రోజూ వస్తాయా రోజు విడిచి రోజా. అన్నీ హైదరాబాద్ అపార్టుమెంటులో అలవాటైన ప్రశ్నలు. బ్రోకర్ అన్నింటికీ నిజమే చెప్పాడు, అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వాన గురించి మేం అడగలేదు, అతను చెప్పలేదు. జనవరిలో, ఆకాశం నీలంగా ఉన్న రోజు, వాన మాట ఎవరికి గుర్తొస్తుంది?

జులై 27న గుర్తొచ్చింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన వాన అది, ఇక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. మాకు నీళ్ళు గుమ్మంలోంచి రాలేదు. ముందు బాత్రూంలో నీళ్ళు పోయే బొక్కలోంచి వచ్చాయి, మోరీ నీళ్ళు వెనక్కి తన్ని. బకెట్ బోర్లించి పైన రోకలి పెట్టాను. నవ్వొస్తుంది ఇప్పుడు. ఇరవై నిమిషాల్లో గుమ్మంలోంచి కూడా మొదలైంది. తెల్లవారేసరికి మంచాల మీద పరుపు తడిసింది, ఖాళీ సిలిండర్ తేలుతూ వచ్చి ఫ్రిజ్‌కు టకటకా కొట్టుకుంటోంది, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బియ్యం బస్తా, అబ్బాయి పుస్తకాలు, నా ఆఫీసు ల్యాప్‌టాప్ పెట్టుకునే బల్ల, మా ఆయన సర్టిఫికెట్లున్న సూట్‌కేసు. సర్టిఫికెట్లు మాత్రం దక్కాయి. అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎదురింటి ఇద్దరు పిల్లలు పై అంతస్తుకు మోశారు. పైన అద్దెకుండే టీచరమ్మ ఇంట్లో మూడు రోజులున్నాం, పదకొండు మందిమి, రెండు గదుల్లో. వెనక గల్లీలోకి పడవలు వచ్చాయి. మూడో రోజు భద్రకాళి చెరువు కట్టకు గండి పడిందని కబురు వచ్చినప్పుడు మాత్రం పైనున్నవాళ్ళకూ గుండె జారింది.

నీళ్ళు తీశాక కడుగుతున్నాం. బీరువా జరిపితే దాని వెనక గోడ మీద, కొత్త రంగు కింద, సన్నగా ఒక గోధుమరంగు గీత. మా మోకాలికి కాస్త పైన. ఇది ఈ వాన గీత కాదు, ఈ వానది ఇంకా తడిగా దానికి జానెడు పైన ఉంది. అప్పుడే పాలు పోసే తాత వచ్చాడు, నాలుగు రోజుల తర్వాత. ఈ గీత ఏమిటి తాతా అని అడిగాను. "ఇరవైల గూడ గిట్లనే మునిగింది బిడ్డా" అన్నాడు. 2020 ఆగస్టు అన్నమాట. మరి మాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు అడిగినవా? అడుగుతే చెప్తుంటిమి." అని పాలు కొలిచి పోశాడు, ఆ పూట డబ్బులు కూడా తీసుకోలేదు.

తర్వాత లెక్కేసుకుంటే, ఆ ఇల్లు మునుగుతుందని తెలిసినవాళ్ళు ఎంతమందో! పాల తాతకు తెలుసు, మూల మీద ఇస్త్రీ బండి ఆయనకు తెలుసు, గ్యాస్ తెచ్చే అబ్బాయికి తెలుసు, మమ్మల్ని బస్టాండ్ నుంచి ఆ ఇంటికి తీసుకొచ్చిన ఆటో ఆయనకూ తెలిసే ఉంటుంది. అంతా ఉచితంగా చెప్పేవాళ్ళే. మేం మాత్రం నెల అద్దె కమీషన్ ఇచ్చి మరీ చెప్పని మనిషిని అడిగాం.

ఇక్కడ ఒక మాట, వేరే ఊళ్ళవాళ్ళకు ఈ ఊరి నీళ్ళ సంగతి అర్థం కావాలంటే కాకతీయుల దాకా వెళ్ళాలి. ఇది గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు నిండితే మత్తడి, అంటే చెరువు అలుగు, దూకి నీళ్ళు కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందికి. వందల ఏళ్ళ కింద ఎవరో బుర్రపెట్టి ఆలోచించి వేసిన దారి అది. మనం చేసిందల్లా ఆ దారి మధ్యలో ప్లాట్లు కొట్టి ముప్పై ఫీట్ల రోడ్డు వేయడం. వడ్డేపల్లి వైపు నీళ్ళకు నయీంనగర్ నాలా, అంటే పెద్ద నీటి కాలువ, దారి, హంటర్ రోడ్డు వైపు బొందివాగు దారి. నీళ్ళు మన ఇంట్లోకి రాలేదండీ, వాటి దారిన అవి పోతుంటే మధ్యలో మా మంచం ఉంది. 2020 వరదల తర్వాత నాలాల మీద కట్టడాలు తీసేస్తామన్నారు, కొన్ని తీశారు కూడా. 2024లో నయీంనగర్ పాత వంతెన కూలగొట్టి పెద్దది కట్టారు, దానితో అక్కడ చాలావరకు తేడా వచ్చిందని అటువైపు ఉండేవాళ్ళు చెప్తారు. చేసినదాన్ని చేసినట్టు చెప్పాలి. కానీ 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు హన్మకొండలో, వరంగల్‌లో మళ్ళీ కాలనీలు మునిగాయి, సమ్మయ్యనగర్ ఫొటోలు మీ పేపర్లోనే మొదటి పేజీలో చూశాను. అయిదేళ్ళలో మూడు సార్లు.

2023 ఆగస్టులో రెండోసారి ఇల్లు వెతికాం. ఈసారి పద్ధతి మార్చాం. వాన తగ్గగానే, తగ్గిన గంటలోపు, స్కూటీ మీద ఇద్దరం బయల్దేరేవాళ్ళం. ఎక్కడ నీళ్ళు నిలిచాయి, ఎక్కడ జారిపోయాయి, ఏ గల్లీలో మోరీ రోడ్డుతో సమానంగా పారుతోంది అని చూసుకుంటూ. కాంపౌండు గోడల అడుగున బురద గీత ఉందా, కరెంటు మీటరు ఎంత ఎత్తులో పెట్టారు, గుమ్మానికి ఎన్ని మెట్లు కట్టారు. ఒక గల్లీలో ఏడిళ్ళుంటే ఏడింటికీ గుమ్మం ముందు అడుగు ఎత్తు అడ్డగోడ కట్టి ఉంది, ఇంక ఎవరినీ అడగనక్కర్లేదు, ఆ గోడలే చెప్పేశాయి. బ్రోకర్ ఫోన్ చేస్తుంటే ఎత్తడం మానేశాం.

ఊళ్ళో పేర్లు కూడా కొంత చెప్తాయి. నక్కలగుట్ట, పద్మాక్షి గుట్ట, ఎర్రగట్టు గుట్ట, ఉర్సు గుట్ట అని గుట్టల పేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి, పాతకాలంవాళ్ళు రాతి నేల వదిలి కిందికి దిగలేదు. కుంట, చెరువు, వాగు అన్న మాట పేరులో ఎక్కడైనా తగిలితే ఒక్క క్షణం ఆగి అడగాలి. బాలసముద్రంలో సముద్రం అన్న మాట ఊరికే వచ్చిందా అని ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు నన్నే తిరిగి అడిగారు. అయితే ఇదీ పూర్తిగా నమ్మకూడదు, గుట్ట పేరున్న చోట కూడా గుట్ట పైన ఉన్నామా పక్కన ఉన్నామా అన్నది వేరే సంగతి, పక్కన ఉంటే గుట్ట మీద పడ్డ వానంతా మనదే.

ఇక ఎవరైనా కొత్తగా వచ్చేవాళ్ళకు నేను ఫోన్‌లో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను, నా అభిప్రాయాలు ఇవి, ఆయా చోట్ల ఉండేవాళ్ళకు కోపం రావొచ్చు.

ముందు మీ రోజువారీ పని మూడింటిలో ఏ ఊళ్ళో ఉందో తేల్చుకోండి. పది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, హైదరాబాద్‌లో పది కిలోమీటర్లు పక్కిల్లు లెక్క. ఇక్కడ ఆర్నెల్లు ఉన్నాక మీరే అంటారు, అమ్మో వరంగల్ చౌరస్తాకా, రేపు చూద్దాం అని. మనసుకు దూరం అన్నది ఊరిని బట్టి మారిపోతుంది. రైళ్ళ సంగతి కూడా అంతే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వైపు పోయే బళ్ళు కాజీపేటలో మలుపు తిరిగి పోతాయి, వరంగల్ స్టేషన్ ముఖం చూడవు. చెన్నై నుంచి ఢిల్లీ పోయే వాటిలో కొన్ని వరంగల్‌లో ఆగి కాజీపేట రాకుండానే పోతాయి. మా ఆయన మొదటి నెలలోనే తప్పు స్టేషన్‌లో నిలబడి బండి వదిలేసుకున్నాడు. నెలకు నాలుగు సార్లు రైలెక్కే ఉద్యోగమైతే కాజీపేట మంచిది. రైల్వే వాళ్ళ ఊరు అది, పాత చెట్లు, క్వార్టర్లు, ఫాతిమానగర్ వైపు చర్చి, బడులు, మనుషులు ఎవరి గోలలో వాళ్ళు ఉంటారు, కొత్తవాళ్ళను వింతగా చూడరు. మా బంధువుల్లో ఒకావిడ అక్కడ అద్దెకు దిగి ఆరు నెలల్లో కేకు చేయడం నేర్చుకుంది.

వరంగల్ అసలు పట్నం వేరే లోకం. ఏమైనా కొనాలంటే అక్కడే, ఎంజీఎం ఆసుపత్రి అక్కడే, పాత గల్లీల్లో మనిషికి మనిషి తోడు. కానీ ఇరుకు. ఏనుమాముల మార్కెట్ వైపు మిర్చి సీజన్లో గాలి తిరిగితే కళ్ళు మండుతాయి, తుమ్ములు. శివనగర్ వైపు ఇల్లు చూసేవాళ్ళు వాన పడ్డ రోజు స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జి ఒకసారి చూసి రావాలి, ఇల్లు మునగకపోయినా దారి మునిగితే ఆ పూటకు ఇంట్లోనే.

నయీంనగర్, కిషన్‌పుర కాలేజీల, హాస్టళ్ళ అడ్డా. ఇంటర్ పిల్లలున్నవాళ్ళకు బంగారం లాంటి చోటు, రాత్రి పదకొండుకు కూడా వేడిగా దోశె దొరుకుతుంది. నిద్ర మాత్రం దొరకదు. హాస్టల్ కోసమే కట్టిన ఇళ్ళు కావడంతో గదికో గోడ, గాలి రాదు, పైగా కుటుంబానికి ఇవ్వడం కంటే పన్నెండు మంది పిల్లలకు ఇస్తేనే ఓనర్లకు గిట్టుబాటు, ఆ లెక్కనే అద్దె చెప్తారు. బాలసముద్రం బస్టాండ్‌కు దగ్గర, ఆసుపత్రులకు దగ్గర, ముసలివాళ్ళున్న ఇంటికి అది చిన్న విషయం కాదు, బండి పెట్టుకునే జాగా కోసమే రోజూ యుద్ధం. భీమారం, గోపాల్‌పూర్, హసన్‌పర్తి వైపు కొత్త ఇళ్ళు, వెడల్పు రోడ్లు, డబ్బు కలిసొస్తుంది, రాత్రి ఎనిమిది దాటితే ఆటో కోసం దేవుణ్ణి తలుచుకోవాలి, గోపాల్‌పూర్‌లో కొన్ని గల్లీలకు మళ్ళీ నీళ్ళ కథే. విద్యారణ్యపురి, వడ్డేపల్లి, ఎన్జీవోస్ కాలనీ వైపు రిటైరయిన ఉద్యోగస్తులు ఎక్కువ, ప్రశాంతం, పొద్దున్నే చెరువు కట్ట మీద నడక, టులెట్ బోర్డు కనబడటమే కష్టం. ఒకరు ఖాళీ చేస్తున్నారని పాలాయన చెప్తే పరుగెత్తాలి.

ములుగు రోడ్డు మీద ఇల్లు తీసుకునేవాళ్ళకు ఒక్క మాట. రెండేళ్ళకోసారి మేడారం జాతర. ఆ వారం రోజులు రాష్ట్రమంతా మీ గుమ్మం ముందు నుంచే పోతుంది. 2024 ఫిబ్రవరిలో మా తెలిసినవాళ్ళు ఆ నాలుగు రోజులూ కారు బయటికే తీయలేదు, చివరికి వాళ్ళూ బెల్లం పట్టుకుని అందరితో పాటే జాతరకు పోయారు.

కోతుల గురించి మీ వ్యాసంలో ఎందుకు రాయలేదో నాకు అర్థం కాలేదు. గుట్టల పక్క కాలనీల్లో కోతులు మనకంటే ముందు నుంచి ఉన్న కిరాయిదార్లు. బాల్కనీకి జాలీ లేని ఇల్లు తీసుకోవద్దు. మా కొత్తింట్లో మొదటి వారం ఒక కోతి వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసింది, తీసి టమాటాలు వదిలేసి పెరుగన్నం గిన్నె పట్టుకుపోయింది. ఫంక్షన్ హాలుకు రెండు వందల గజాల్లోపు ఇల్లు కూడా వద్దు, పెళ్ళిళ్ళ సీజన్లో డీజే బరాత్ అర్ధరాత్రి దాకా నడుస్తుంది, కిటికీ అద్దాలు గజగజలాడతాయి. ఇది పగలు ఇల్లు చూస్తే తెలియదు. ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు పోయి ఆ గల్లీలో పదినిమిషాలు నిలబడాలి. వీధిలైట్లు ఎన్ని వెలుగుతున్నాయి, కుక్కలు ఎన్ని, ఆడపిల్లలు ఒంటరిగా నడుస్తున్నారా, అన్నీ ఆ పదినిమిషాల్లోనే తేలిపోతాయి.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని అందరూ మొహమాటంతో దాటేస్తారు. "మీరేమిట్లు?" అని కులం అడుగుతారు. కొందరు తిన్నగా, కొందరు ఇంటి పేరు అడిగి, కొందరు మీరు తింటారా తినరా అని చుట్టుతిప్పి. హైదరాబాద్‌లో అడగరని కాదు, అక్కడ అపార్టుమెంట్లలో కొంత తప్పించుకోవచ్చు, ఇక్కడ ఓనరు కింద ఉంటాడు మనం పైన ఉంటాం, మన వంట వాసన వాళ్ళ వరండాలోకి దిగుతుంది. రెండు చోట్ల ఇల్లు ఇవ్వం అని మా ముఖం మీదే అన్నారు. ఒక చోట అడ్వాన్స్ కూడా తీసుకుని తర్వాత మా ఇంటి పేరు విని వెనక్కి ఇచ్చారు. మీ రెండు పేజీల్లో 'ఆత్మీయమైన మనుషులు' అని రాశారు, ఆత్మీయత ఉంది, కాదనను, అత్తమ్మను కుర్చీలో మోసిన పిల్లల పేర్లు కూడా అంతకుముందు మాకు తెలియవు. ఇదీ ఉంది. రెండూ ఒకే గల్లీలో ఉంటాయి. వచ్చేవాళ్ళకు రెండూ చెప్పాలి.

చివరికి సుబేదారి వెనక ఒక గల్లీలో మొదటి అంతస్తు దొరికింది. పద్నాలుగున్నర వేలు, పద్దెనిమిది మెట్లు. అత్తమ్మకు ఎలా చెప్పాలా అని నేను టెన్షన్ పడుతుంటే ఆవిడే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, పైన కూర్చుని, ఊపిరి తీసుకుని, "మునుగుడు కన్న ఎక్కుడు నయం" అంది. ఆ మాటతో అడ్వాన్స్ ఇచ్చేశాం.

ఇక కొనడం. మీ వ్యాసం చదివి హైదరాబాద్ నుంచి నాకు ముగ్గురు ఫోన్ చేశారు, ముగ్గురూ అడిగింది ఒకటే, ప్లాటు తీసుకోవచ్చా అని. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం ఓకే చెప్పినప్పటి నుంచి ఖమ్మం రోడ్డు వైపు నాకే వారానికి నాలుగు ఫోన్లు వస్తున్నాయి. నా జవాబు ఎప్పుడూ ఒకటే, ఒక వానాకాలం మొత్తం అద్దెకుండి చూడండి, ఏడాది అద్దె దండగ అనిపిస్తే మా ఇంటి ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, స్కూటీ ఇంజను లెక్క పంపిస్తాను. చెరువు పక్క ప్లాటయితే ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా ఉందో ఇరిగేషన్ వాళ్ళ దగ్గర కనుక్కోవాలి, చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు వచ్చే హద్దు అది. పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలు, అంతకు పెద్ద చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైనా కుంటైనా 9 మీటర్లు కట్టడానికి వీల్లేదు. వెడల్పు పది మీటర్లు దాటిన నాలాకు కూడా 9 మీటర్లు వదలాలి. వెంచర్ 500 చదరపు మీటర్లు దాటితే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, నంబరు ఉండాలి, ఆ నంబరు ప్రకటనలో కనిపించకపోతే అక్కడితో ఆపేయండి. చాలామంది ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజు, కట్టాం కాబట్టి అంతా సవ్యం అనుకుంటారు. కాగితం సవ్యమవుతుందేమో, నీళ్ళకు కాగితాలు చదవడం రాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూస్తే ఆ భూమి ఎవరి చేతులు మారిందో తెలుస్తుంది, ఎన్నిసార్లు మునిగిందో ఏ ఈసీలోనూ ఉండదు.

ఇప్పుడు మిమ్మల్ని అడగాలనుకున్నది. ఎన్నిసార్లు మునిగిందన్న ఆ లెక్క ఎక్కడ ఉందో నాకు తెలుసు, మీ దగ్గరే ఉంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో, 2025 అక్టోబరులో మీ జిల్లా పేజీలు నిండా మునిగిన కాలనీల ఫొటోలు వేశారు, ఫొటో కింద కాలనీ పేరు, కొన్నిచోట్ల గల్లీ పేరు కూడా వేశారు. మా వెనక గల్లీలో పడవ ఫొటో కూడా వచ్చింది, అందులో టీచరమ్మ వాళ్ళ బట్టలు ఆరేసిన తాడు కనిపిస్తుంది. ఆ మూడు నెలల పేజీలు బయటికి తీసి, మునిగిన చోట్ల పేర్లన్నీ ఒక్క చోట, ఎన్నిసార్లు మునిగిందో పక్కన అంకె వేసి, ఏటా జూన్ మొదటి ఆదివారం ఒక పేజీ వేయండి. కొత్తగా రాయాల్సిన పని కూడా లేదు, మీ విలేకరులు రాసిందే. ప్లాట్ల ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు నచ్చకపోవచ్చు. ఆ పేజీ ప్రకటనల పేజీకి ఎదురుగా వేయమని అడగటం లేదు, వేరే రోజు వేసినా సరే. కాలనీ పేరు వేస్తే అక్కడ ఇళ్ళ ధర పడిపోతుందని, ఉన్నవాళ్ళు గొడవ చేస్తారని మీ విలేకరి ఒకాయన నాతో అన్నారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది, కష్టపడి కట్టుకున్న ఇల్లు కదా. కానీ పేరు వేయకపోతే ధర నిలబడుతుందేమో, నాలా బాగుపడదు. నయీంనగర్ వంతెన పెద్దదైంది ఆ పేరు మళ్ళీమళ్ళీ పేపర్లో వచ్చింది కాబట్టే అని నా అనుమానం.

మేమున్న పాత ఇల్లు మొంథా వానకు కూడా మునిగిందని టీచరమ్మ చెప్పింది. మా తర్వాత దిగినవాళ్ళు డిసెంబరులో ఖాళీ చేశారు. పోయిన వారం అటువైపు పనుండి పోయాను. ఇల్లంతా కొత్త రంగు, లేత పసుపు, బాగుంది కూడా. గేటుకు టులెట్ బోర్డు. గోడల మీద ఏమీ కనబడదు. పారిజాతం చెట్టు మొదలుకు మాత్రం ఎవరూ రంగు వేయలేదు, నడుము ఎత్తున బురద గీత అలాగే ఉంది, చూడాలనుకున్నవాళ్ళకు కనిపిస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సుబేదారి, హన్మకొండ